ఎస్తేరమ్మ తొక్కని రాయి

ఎస్తేరమ్మ తన ఇంటి ముందరి మెట్టు రాయి మీద ఎన్నడూ కాలు పెట్టదు. చంకలో బిందె ఉన్నా, నెత్తిన పత్తి మూట ఉన్నా, వానకు వాకిలి జారుతున్నా సరే, కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టి ఒక్క అంగలో దాన్ని దాటి గడప లోపలే అడుగు వేస్తుంది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చి మోకాళ్ళు పట్టేసినా ఆ అలవాటు మానలేదు.

"మా అత్తమ్మ ఇజ్రాయెల్ దాకా పోయి వచ్చింది గని ఎర్ర సముద్రం దాటుడు మాత్రం ఇంకా అయిపోలే" అని కోడలు రెబెకా వాడకట్టు ఆడవాళ్ళ ముందు నవ్వేది. ఎస్తేరమ్మ కూడా నవ్వేది. ఎందుకు దాటుతుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తెలకపల్లికి కొంత దూరంలో, ఎర్ర చెలకల నడుమ ఉందా కాలనీ. కాగితాల మీద దానికి మంచి పేరే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మాత్రం అది మునిగినోళ్ళ కాలనీ. శ్రీశైలం కట్ట వెనక నీళ్ళు నిలుస్తాయని 1981 ఎండాకాలంలో కృష్ణ ఒడ్డు ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు ఎస్తేరమ్మకు పద్నాలుగేళ్ళు. తండ్రి జంగయ్య ఇంటి గోడలను వదిలేశాడు గానీ దర్వాజను వదల్లేదు. చెక్క గడపతో సహా దాన్ని ఊడబెరికి ఎడ్లబండికి కట్టి తెచ్చుకున్నాడు. ఆ ఊరివాళ్ళంతా అదే పని చేశారు. కొత్తచోట గోడలు లేవకముందే దర్వాజలు నిలబెట్టారు. దాదాపు నెల రోజులు బోడి చెలకలో ఇళ్ళు లేని దర్వాజలు వరుసగా నిలబడి ఉండేవి. పొద్దున్నే లేచి, చుట్టూ ఎటు నుంచైనా పోగలిగి కూడా, మనుషులు ఆ దర్వాజల్లోంచే బయటికి నడిచేవారు.

ఇంటి వెనక రెండెకరాల చెలక కూడా సర్కారు అప్పుడు ఇచ్చిందే. జంగయ్య పోయాక పట్టా ఎస్తేరమ్మ పేరు మీదికి వచ్చింది. ఆ చెలక కోసమే ఇప్పుడు గొడవ.

కొడుకు సతీష్ ఈ ఏడు బోరు వేయించి పల్లి వేశాడు. నల్లమల దిక్కు నుంచి వచ్చే అడవి పందులు ఒక్క రాత్రిలో సగం చేను తవ్వి పోశాయి. దాంతో చుట్టూ రాతి కడీలు పాతి ముళ్ళతీగ లాగాలని కడీలు తెప్పించి గట్టు మీద దించాడు. చెలక మూలన వేపచెట్టు ఉంది. పక్క ఊరి బక్కయ్య ఇంటివాళ్ళు ఏటా పెత్రమాస నాడు, అంటే చనిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, ఆ చెట్టు కిందికి వచ్చి, అతని తండ్రి బుచ్చయ్య పేరు మీద విస్తరిలో అన్నం పెట్టి పోతారు. తీగ లాగితే వాళ్ళకు దారి ఉండదు.

సోమవారం బక్కయ్య కొడుకు నాగేశ్ వచ్చి, పాతిన మొదటి కడీని పీకి పడేశాడు.

"మా తాతను పూడ్చిన చెలక, ఆయన బొక్కలున్న చెలక ఇది" అన్నాడు.

"ఏడున్నయో చూపెట్టు మరి" అన్నాడు సతీష్. "ఏడాదికొక్క తావుల పెడ్తిరి అన్నం. మీ తాత ఏమన్న నడుస్తుండా?"

అంతే, ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. అరవై అయిదేళ్ళ బక్కయ్య మధ్యలో దూరి కొడుకును గుంజుకుపోతూ వెనక్కి తిరిగి ఒక మాట అన్నాడు. "మీ ఊరిని ముంచిన కట్టకు రాళ్ళు మోసింది మేమేరా. మోసి ఇంటికొస్తే మా చెలకల మీ దర్వాజలు నిలవడ్డయి. పెత్రమాసకు మా అమ్మ వస్తది. తీగ అడ్డముంటే తీగ ఉండదు, అడ్డమొచ్చిన మనిషీ ఉండడు."

సతీష్ కూడా తగ్గలేదు. పెత్రమాస లోపలే తీగ లాగుతానన్నాడు. పెత్రమాసకు ఆరు రోజులుంది.

శనివారం మధ్యాహ్నం రెబెకా అరుగు మీద కూర్చుని మర్నాటి ఆదివారం బడికి పాఠం చూసుకుంటోంది. చర్చిలో చిన్నపిల్లలకు ఆమే పాఠం చెబుతుంది. బైబిల్ చివర ఉన్న పటం తెరిచి అత్త ముందు పెట్టింది.

"అత్తమ్మా, పిల్లలు ఒకటే అడుగుతున్నరు. యేసయ్య తిరిగిన తావుల బాంబులు ఎందుకేస్తున్నరు, ఎవరు మంచోళ్ళు, ఎవరు చెడ్డోళ్ళు అని. ఈ పటంల పాలస్తీనా అని ఉంటది. పాటలల్ల ఇశ్రాయేలని పాడతం. నాకే సమజైతలే. నువ్వు ఆడ పదకొండేండ్లున్నవు గదా. అసలిది ఎక్కడ మొదలైంది?"

ఎస్తేరమ్మ ఒలుస్తున్న పల్లికాయలు చాటలోకి జారవిడిచింది. అదే ప్రశ్న తనూ అక్కడ అడిగింది. ఇద్దరిని అడిగింది.

భర్త చనిపోయి, సతీష్ చదువు మధ్యలో ఉన్న రోజుల్లో, 2008లో ఆమె ముసలివాళ్ళకు సేవ చేసే పని మీద ఇజ్రాయెల్ వెళ్ళింది. బయలుదేరే ముందు చర్చిలో అందరూ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. యేసు పుట్టిన దేశం కనుక అక్కడివాళ్ళంతా తమలాగే క్రైస్తవులై ఉంటారని కాలనీలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అందుకే పని చేయబోయే ఇంటి ముసలామెకు కానుకగా తెలుగు బైబిల్ ఒకటి, సిలువ బొమ్మ కుట్టిన తువ్వాలు ఒకటి పంపించారు.

సముద్రం పక్కన కొండ మీద ఊరు అది. ముసలామె పేరు హన్నా. పేరు వినగానే ఎస్తేరమ్మకు ధైర్యం వచ్చింది, కాలనీలోనే ఇద్దరు హన్నమ్మలున్నారు కదా అని. తువ్వాలు విప్పి సిలువ చూసిన హన్నా మొహం ఒక్కసారి బిగుసుకుపోయింది. ఆమె క్రైస్తవురాలు కాదు, యూదురాలు. తర్వాత బైబిల్ తెరిచి, ఆ గుండ్రని అక్షరాలను వేలితో తడిమి, అది ఏ గ్రంథమో తెలుసుకున్నాక పకపకా నవ్వింది. పుస్తకాన్ని నాలుగింట మూడు వంతుల దగ్గర విడదీసి చూపించింది. "ముందు భాగం మాది. ఇది నాకు చదివి వినిపించు. వెనక భాగం నీ గదిలో చదువుకో."

"నిజంగనే గట్లన్నదా?" అంది రెబెకా.

"నిజంగనే. నా పేరడిగింది. ఎస్తేరు అని చెప్పిన. అంతదాక నవ్విన మనిషి ఏడ్చింది."

హన్నా చెల్లెలి పేరు ఎస్తేరు. వాళ్ళది పోలండ్‌లో ఒక చిన్న ఊరు. హిట్లర్ కాలంలో ఆ ఊరి యూదులందరినీ రైలెక్కించి మరణ శిబిరాలకు పంపారు. అమ్మ, నాన్న, చెల్లెలు తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక హన్నా తన ఇంటికి వెళ్ళి తలుపు తడితే వేరేవాళ్ళు తీశారు. ఇంకా బతికే ఉన్నావా అని అడిగారు. 1948లో, పద్దెనిమిదో ఏట, కిక్కిరిసిన ఓడలో ఆ దేశం చేరింది.

"అప్పటి సంది మొదలైందా?"

"నేను గూడ గట్లనే అనుకున్న. హన్నా 'అంతకు ముందు' అన్నది."

అంతకు ముందు, హన్నా తాతల నాడు, రష్యాలో యూదుల వాడల మీద పడి చంపేవాళ్ళు, ఇళ్ళు తగలబెట్టేవాళ్ళు. ఎక్కడికి పోయినా పరాయివాళ్ళమే అవుతున్నాం, మనకూ ఒక దేశం ఉండాలి, పూర్వం మన పెద్దలు ఉన్నచోటే ఉండాలి అని కొందరు బయలుదేరారు. సుమారు నూట నలభై ఏళ్ళ కిందటి సంగతి. అప్పుడు ఆ నేల టర్కీ సుల్తాన్ల చేతిలో ఉండేది.

"మరి అక్కడ మనుషులు లేరా?"

"ఎందుకు లేరు? ఊళ్ళున్నయి, తోటలున్నయి, మసీదులు, చర్చిలు ఉన్నయి. కొద్దిమంది యూదులు గూడ ఎన్నడో సంది ఉన్నరు. ఎక్కువమంది అరబ్బులు. కొన్ని భూములు ఎక్కడో పట్నంల ఉండే దొరల పేరు మీద ఉన్నయట. దున్నేటోడు ఒకడు, కాగితం ఒకడిది. యూదులు కాగితమున్నోనికి పైసలిచ్చి కొన్నరు. దున్నేటోన్ని లెమ్మన్నరు. వాడు ఏడికి పోవాలె?"

రెబెకాకు ఇది వెంటనే అర్థమైంది. జాగీర్దార్ల ముచ్చట్లు ఈ ప్రాంతంలో ముసలివాళ్ళెవరిని అడిగినా చెబుతారు.

తర్వాతి సంగతులు ఎస్తేరమ్మ తనకు తెలిసినంతలో చెప్పుకొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీ మీద తిరగబడితే స్వతంత్ర రాజ్యం ఇస్తామని ఇంగ్లీషువాళ్ళు అరబ్బులకు ఆశ పెట్టారు. 1917లో యూదులకు అక్కడ జాతీయ నివాసం ఏర్పాటు చేయడానికి సాయం చేస్తామని ఉత్తరం రాసిచ్చారు. యుద్ధం గెలిచాక ఆ నేలను తామే పట్టుకుని సుమారు ముప్పై ఏళ్ళు ఏలారు. ఐరోపాలో యూదులకు కష్టం పెరిగిన కొద్దీ ఓడలు పెరిగాయి. ఓడలు పెరిగిన కొద్దీ అరబ్బులకు భయం పెరిగింది. వీళ్ళు వాళ్ళను చంపారు, వాళ్ళు వీళ్ళను చంపారు. చివరకు ఇంగ్లీషువాళ్ళు మావల్ల కాదన్నారు. 1947లో దేశాలన్నీ కూడి రెండు భాగాలు చేయాలని తీర్మానించాయి. యూదుల పెద్దలు సరేనన్నారు. మా ఇంటికి మీరు పాలు పంచుడేంది అని అరబ్బులు కాదన్నారు. యుద్ధం వచ్చింది. మరుసటి ఏడు ఇజ్రాయెల్ పుట్టింది. ఏడు లక్షల మంది అరబ్బులు ఇళ్ళు వదిలారు. కొందరిని తరిమారు, కొందరు ప్రాణభయంతో పారిపోయారు. యుద్ధం ఆగాక తిరిగి రావాలనుకుంటే రానివ్వలేదు. ఆ తర్వాతి ఏళ్ళలో ఇరాక్, యెమెన్ లాంటి దేశాల్లో తరతరాలుగా ఉన్న యూదులు కూడా లక్షల మంది, అక్కడ బతకలేక, ఉన్నదంతా వదిలి ఇక్కడికి వచ్చారు.

"ఇదంతా హన్నానే చెప్పిందా?"

"సగం హన్నా చెప్పింది. సగం సమీరా చెప్పింది. హన్నా చెప్పిన దాంట్ల సమీరా ఊరు లేదు. సమీరా చెప్పిన దాంట్ల హన్నా చెల్లెలు లేదు."

సమీరా వారానికి మూడుసార్లు వచ్చి హన్నా కాళ్ళకు కసరత్తు చేయించేది. అరబ్బు పిల్ల, ఆ దేశ పౌరురాలే. ముసలామె "నా కాళ్ళు విరగ్గొట్టడానికి వచ్చావా" అనేది, ఈమె "మీ నోటికి కూడా ఉంది కసరత్తు" అనేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమే. పదేళ్ళలో 1948 మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. స్వాతంత్ర్య దినం నాడు హన్నా కిటికీకి జెండా కట్టించేది. ఆ రోజు సమీరా సెలవు పెట్టేది.

ఒక ఏడు ఆ రోజున ఎస్తేరమ్మకూ సెలవు దొరికితే, మా ఊరు చూద్దువు గాని రమ్మని సమీరా తీసుకుపోయింది. కారు దిగి చూస్తే అక్కడ ఊరు లేదు. కొండ మీద వరుసగా నాటిన పైన్ చెట్ల అడవి ఉంది. కానీ ఎస్తేరమ్మ నాలుగడుగులు వేయగానే ఆగిపోయింది. చెట్ల మధ్య నాగజెముడు పొదలు గీత గీసినట్టు పోతున్నాయి. అడవిలో నాగజెముడు వంకరటింకరగా మొలుస్తుంది, గీతలాగా మొలవదు. పాలమూరులో పుట్టిన మనిషికి ఆ మాత్రం తెలుసు. అది ఒకనాడు ఎవరో తమ పెరడుకు పెట్టుకున్న కంచె.

"ఇల్లు ఇక్కడనా?" అని అడిగింది.

సమీరా ఆశ్చర్యపోయింది. అవును, తాతది. తాత అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోనే బతికాడు, చనిపోయాడు. తన ఇంటికి తిరిగి వచ్చే హక్కు మాత్రం రాలేదు. ముత్తాత సమాధి ఆ చెట్లలోనే ఎక్కడో ఉండాలి. రాళ్ళు చెదిరిపోయాయి. సమీరా వాళ్ళ నాన్న ఏటా వచ్చి, ఇక్కడే అయి ఉంటుంది అనుకున్న చోట ప్రార్థన చేసి పోతాడు. ఆ రోజు కూడా వచ్చి ఒక చెట్టు కింద నిలబడ్డాడు. పోయిన ఏడు ఆ పక్క చెట్టు కింద నిలబడ్డానని అతనే అన్నాడు.

ఆ మాట దగ్గర ఎస్తేరమ్మ చెప్పడం ఆపింది. చాటలో చెయ్యి పెట్టింది గాని కాయ తీయలేదు.

"ఏమైంది అత్తమ్మా?"

"ఇంటికొచ్చి హన్నాకు చెప్పిన. నువ్వొచ్చిననాడు ఇక్కడ ఎవరుంటుండెనో అడగలేదా అని అడిగిన. అడగొద్దుండె, నేను పనిమనిషిని. గని అడిగిన."

హన్నా కోప్పడలేదు. "మాకు ఖాళీ నేల అని చెప్పారు. నేను అడగలేదు. నాకు కావలసింది ఒక తలుపు, ఎస్తేర్. లోపలి నుంచి గడియ వేసుకునే తలుపు. ఇంకేదీ అడిగే ఓపిక అప్పుడు నాకు లేదు" అంది. తర్వాతి వారం సమీరా కాళ్ళకు నూనె రాస్తుంటే, "మీ ఊరి పేరేమిటి?" అని అడిగింది. సమీరా చెప్పింది. హన్నా ఆ పేరును రెండుసార్లు పలికింది, సరిగ్గా పలుకుతున్నానా అన్నట్టు. అంతకు మించి ఏమీ జరగలేదు. 2019లో హన్నా పోయింది. ఎస్తేరమ్మ ఇంటికి వచ్చేసింది.

2023 అక్టోబరులో ఆమె ఫోనుకు ఇద్దరు తమ మాటలు రికార్డు చేసి పంపారు. ముందు హన్నా కూతురు. తన స్నేహితురాలి ఇంట్లోకి గాజా నుంచి వచ్చిన వాళ్ళు చొరబడి ముగ్గురిని చంపారని, ఆ స్నేహితురాలి మనవణ్ణి ఎత్తుకుపోయారని చెబుతూ మధ్యలోనే ఆగిపోయింది. పది రోజుల తర్వాత సమీరా. తన పెదనాన్న పిల్లలది గాజాలో ఇల్లు, బాంబులకు కూలింది, లోపల పదకొండు మంది, ఎవరి సంగతీ తెలియదు అంది. ఒకామె ఆ అక్టోబరు నుంచి మొదలుపెట్టింది. ఇంకొకామె డెబ్బై అయిదేళ్ళ కిందటి నుంచి మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ ఇద్దరికీ ఒకే జవాబు పంపింది. నేను ఏడుస్తున్నాను అని.

"పిల్లలకు ఏం చెప్పాల్నో నాకు గూడ తెల్వదు బిడ్డా. ఎవ్వరిని అడిగినా తమ ఇల్లు కాలిన కాడి నుంచే మొదలువెడతరు. పక్కోని ఇల్లు తాము తొక్కిన కాడి నుంచి ఎవ్వరు మొదలువెట్టరు."

అని, లేచి వాకిట్లోకి నడిచింది. గడప దాకా వచ్చి ఆగి, మెట్టు రాయిని చూసింది.

"మనం గూడ గంతే. ఇది బుచ్చయ్య రాయి."

రెబెకాకు అర్థం కాలేదు. ఎస్తేరమ్మ గడప మీదే కూర్చుని, నలభై నాలుగేళ్ళుగా లోపల పెట్టుకున్నది చెప్పింది.

ఆ ఎండాకాలం దర్వాజ నిలబెట్టాక, గడప ఎత్తుగా ఉండి మెట్టుకు రాయి కావలసి వచ్చింది. తండ్రీ కూతుళ్ళు చెలకలో వెదికారు. వేపచెట్టు కింద, మట్టి కాస్త ఉబ్బిన చోట, చక్కటి బండ ఒకటి కనబడింది. దాని మీద నిడుపాటి గాడి ఉంది. గాడి పక్కన పసుపు.

"నాయినా, దీనికి పసుపుంది" అంది పద్నాలుగేళ్ళ ఎస్తేరమ్మ.

"పూసినోళ్ళు ఏడికో పోయిన్రు బిడ్డా. ఖాళీ భూమి అని సార్ రాసిచ్చిండు గదా. పట్టు" అన్నాడు జంగయ్య. బండకు తాడు కట్టి, తాడులో కట్టె దూర్చి, ముందు ఆయన, వెనక ఆమె మోసుకొచ్చారు.

పూసినవాళ్ళు పోయింది కట్ట పనికి. సంక్రాంతి దాటాక పాలమూరు కూలీలందరిలాగే బక్కయ్య ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని పోయారు. ఆ చెలకను చెట్టూ చేమా కొట్టి సాగులోకి తెచ్చింది బుచ్చయ్య. పోయాక అతన్ని పూడ్చింది ఆ వేపచెట్టు కిందే, గుర్తుగా పెట్టింది ఆ బండే. పట్టా లేదు. సర్కారు మనిషి వచ్చిన నాడు చెలకలో దున్నేవాడు లేడు, అడిగితే చెప్పేవాడూ లేడు. ఖాళీ అని రాసుకున్నాడు. వానల ముందర వాళ్ళు తిరిగివచ్చేసరికి ఇళ్ళున్నాయి. బుచ్చయ్య పెళ్ళాం యాదమ్మ వేపచెట్టు కింద మోకాళ్ళ మీద పాకుతూ రాయి కోసం వెదకడం ఎస్తేరమ్మ దర్వాజ చాటు నుంచి చూసింది.

ఆ సాయంత్రమే జంగయ్య రాయిని పెకిలించి, గాడి కిందికి పోయేట్టు తిరగేసి పాతాడు. తనవైపే చూస్తున్న కూతురితో, "మల్ల ఏడికి పోతం బిడ్డా?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆమె దాని మీద కాలు పెట్టలేదు.

"ఆ చెట్ల కింద సమీరా వాళ్ళ నాయిన నిలవడ్డప్పుడు నాకు యాదమ్మ కనవడ్డది రెబెకా. హన్నాను అడిగిన నేను, నన్ను నేను అడగలే. తిరిగొచ్చి ఆరేండ్లాయె. రేపు చెప్త, మాపు చెప్త అనుకుంటనే ఉన్న."

వాకిట్లో బండి ఆపి ఎప్పుడు వచ్చాడో, సతీష్ ఇదంతా విన్నాడు.

"ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. గొంతు చిన్నగా ఉంది. "ఇన్నేండ్లు చెప్పనిది గిప్పుడెందుకమ్మా? దొంగలంటరు. అటెన్క చెలక మొత్తం మాదంటరు. ఉన్న రెండెకరాలు గూడ పోతే మేమేం తినాలె? మనం గూడ మునిగొచ్చినోళ్ళమే గదా, మనకెవరు చెప్పిన్రు మాఫీ?"

"ఎవ్వరు చెప్పలే. నువ్వన్నదాంట్ల అబద్ధం లేదు" అంది ఎస్తేరమ్మ. "పట్టా సర్కారిచ్చింది. రాయి ఎవ్వరియ్యలే. మనమే తెచ్చుకున్నం. రేపు నువ్వు తీగ లాగితే వాళ్ళు కొడ్తరు, నువ్వు కొడ్తవు. ఎవరో ఒకరు పోతరు. అప్పుడు ఆ చావు కాడి నుంచే మొదలైందంటరు అందరు. నాకు తెలుసు ఎక్కడ మొదలైందో. తెలిసి నేను ఊకుంటే ఆ చావు నాది."

సతీష్ బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం, పెత్రమాస. చర్చి గంట మొదటిసారి కొట్టేసరికి ఎస్తేరమ్మ గడ్డపార పట్టుకుని మెట్టు దగ్గర కూర్చుంది. రాయి చుట్టూ సిమెంటు పట్టి ఉంది. నాలుగు పోట్లకే ఆయాసం వచ్చింది. రెబెకా తను కూడా ఇంకో పక్క నుంచి తవ్వబోతే, "నువ్వు పో బిడ్డా, పిల్లలొస్తరు" అంది అత్త. రెబెకా పోలేదు.

కాసేపటికి వెనక నుంచి ఎవరో గడ్డపార అందుకున్నారు. "నడుము పోగొట్టుకుంటవు, జరుగు" అన్నాడు సతీష్. మొహం మాడ్చుకునే ఉన్నాడు. రాయి కదిలింది. తిరగేస్తే కింది వైపంతా తడిమట్టి. బండకు తాడు కట్టి, కట్టె దూర్చారు. ముందు సతీష్, వెనక ఎస్తేరమ్మ. నలభై నాలుగేళ్ళ కిందట నడిచిన దారినే వెనక్కి నడిచారు.

వేపచెట్టు దగ్గర బక్కయ్య, నాగేశ్, మరో నలుగురు ఉన్నారు. చేతుల్లో కర్రలున్నాయి. ఎనభై అయిదేళ్ళ యాదమ్మ విస్తరి ఒళ్ళో పెట్టుకుని, ఈ ఏడు ఎక్కడ పెట్టాలా అన్నట్టు నేల చూస్తోంది. ఎదురుగా కట్టె మీద బండ మోసుకొస్తున్న తల్లీ కొడుకులను చూసి ఎవరికీ ఏమీ తోచలేదు.

రాయి దించి ఎస్తేరమ్మ ఊపిరి తీసుకుంది.

"పెద్దమ్మా, ఇది మీదే. మా ఇంటి మెట్టుకు వేసుకున్నం. మా నాయిన ఒక కొస పట్టిండు, నేనొక కొస పట్టిన. నువ్వు దేవులాడిననాడు నేను చూసిన. చెప్పలే."

యాదమ్మ రాయి మీదికి వంగి, ఎండిన వేళ్ళతో మట్టి గీకింది. గాడి బయటపడింది. వేలు అందులో పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపింది. బుచ్చయ్య పొద్దున్నే చెలకలోకి రాగానే కొడవలి నూరుకున్న గాడి అది.

"నలభై నాలుగేండ్లు" అన్నాడు బక్కయ్య. "మా నాయిన మీద కాళ్ళు కడుక్కున్నరా మీరు?"

నాగేశ్ కర్ర ఎత్తి ముందుకు వచ్చాడు. సతీష్ కదలకుండా నిలబడ్డాడు, చేతిలో కట్టె కింద పడేసి.

"ఆగురా" అంది యాదమ్మ. తల ఎత్తలేదు. వేలు ఇంకా గాడిలోనే ఉంది. "ఏసేటోడివైతే నన్నెయ్యి ముందు. ఈ రాయిని ఇక్కడ ఇడిసిపెట్టి కట్ట పనికి పోయింది నేను."

నాగేశ్ ఆగాడు.

యాదమ్మ విస్తరిని రాయి ముందు పెట్టింది. దీపం వెలిగించింది. తర్వాత ఎస్తేరమ్మ వైపు చూసింది.

"మీ తాత సమాధి ఏడుందే?"

"నీళ్ళల్ల పెద్దమ్మా."

"ఎండాకాలం తేల్తదా?"

"కొన్నేండ్లు తేల్తది. కొన్నేండ్లు తేలదు."

యాదమ్మ తల ఊపింది.

బక్కయ్య కర్రను గట్టుకు ఆనించి వచ్చాడు. "రాయి తెచ్చినవు, సరే. చెలక మాత్రం మాదే. మా నాయిన చెట్లు కొట్టి చేసిండు. సచ్చేదాక అదే అంట."

"అను అన్నా. నా కొడుకు మాదంటడు, వానికి కాగితముంది. అది మన ఇద్దరితోని తెగేది కాదు. దారి మాత్రం ఉంటది. పట్టా నా పేరు మీదుంది, నేను చెప్తున్న. తీగ ఈ చెట్టు కాడ ఆగుతది."

"ఎంత ఇడుస్తరు?" అన్నాడు బక్కయ్య సతీష్‌ను చూసి.

"బండి పట్టేంత" అన్నాడు సతీష్. "తడకొకటి పెడ్త. పందులు రావొద్దు గదా."

బక్కయ్య నమ్మలేదు. తనే గట్టు దగ్గరికి పోయి, కాలితో మట్టిలో ఒక గీత గీశాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి ఇంకో గీత గీశాడు. సతీష్ వచ్చి రెండో గీత ఒక జానెడు ఎక్కువైందన్నాడు. బక్కయ్య జరపనన్నాడు. ఇద్దరూ కాసేపు ఆ జానెడు దగ్గరే నిలబడ్డారు. చివరికి ఆ గీత మీదే కడీ పాతడానికి గుంత తవ్వారు. నాగేశ్ దూరంగానే ఉన్నాడు, సాయం పట్టలేదు. కర్ర మాత్రం దించాడు.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు పక్క ఊళ్ళో పాటలు మొదలయ్యే వేళకు ఎస్తేరమ్మ ఇంటికి వచ్చింది. గడప ముందు రాయి ఉన్నచోట గుంత ఉంది. తండ్రి తెచ్చిన దర్వాజ నేలకు జానెడు ఎత్తున, మెట్టు లేకుండా నిలబడి ఉంది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, అలవాటు చొప్పున దాటబోయి ఆగింది.

"రేపు కడీ ముక్క ఏదన్న వేస్తలే అమ్మా" అన్నాడు సతీష్ వెనక నుంచి.

"ఎక్కడిదో అడిగి తే" అంది ఎస్తేరమ్మ. తర్వాత ఆ గుంతలో అడుగు పెట్టి, గడప పట్టుకుని, మెల్లగా లోపలికి ఎక్కింది.